ఇది ఎవరు చేసిన బండి?

చదువదగిన వాక్యభాగములు: ఆదికాండము 27:1–29, 1 సమూయేలు 17:38–40, 2 తిమోతి 2:5



ఈ నెల మీకు ఒక చిన్న కొయ్యబండిని గూర్చి వ్రాయుచున్నాను. అది నా అరచేతికంటె కొంచెము పొడవుగా నుండును. దానికి యంత్రము లేదు, తాడు లేదు, లాగువాడు లేడు. వాలుగానున్న పలకబాట పైకొనయందు ఉంచి విడిచిపెట్టినచో తన బరువుచేతనే దొర్లి క్రిందికి పోవును. నేను అనేక సంవత్సరములు ప్రసంగపీఠముమీద నిలిచి ఇతరులకు బోధించినవాడను. అయినను సత్యమును గూర్చి నాకు తెలియని పాఠమొకటి ఆ బండి నేర్పినది. నా పొరపాటును దాచక చెప్పుచున్నాను. మీలో తలిదండ్రులైనవారికి మేలు కలుగవచ్చును.

అమెరికా దేశములో కబ్ స్కౌటులనబడు చిన్నపిల్లలు ఏటేట ఆడు పందెమిది. దీనిని పైన్‌వుడ్ డెర్బీ అందురు. కాలిఫోర్నియా రాష్ట్రములోని మన్‌హాటన్ బీచ్ అను ఊరిలో 1953వ సంవత్సరము మే 15వ తేదీన ఇది మొదటిసారి జరిగినది. దీనిని కనిపెట్టిన డాన్ మర్ఫీ, నార్త్ అమెరికన్ ఏవియేషన్ అను విమానముల కంపెనీలో ఉద్యోగి. తన ఊరి కబ్ స్కౌటు దళమునకు నాయకుడు. అప్పటికే ఆ దేశములో సోప్ బాక్స్ డెర్బీ అను పందెము ప్రసిద్ధికెక్కియుండెను. అందులో పెద్దపిల్లలు తాము చేసిన బండిలో తామే కూర్చుండి వాలుబాటమీద దిగుదురు. మర్ఫీ కుమారునికి అప్పుడు 10 ఏండ్లు. ఆ పందెమునకు వయస్సు చాలలేదు. పిల్లవాని ముఖము చిన్నబోవుట చూచి తండ్రి ఆలోచించెను. బండిలో కూర్చుండుటకు వయస్సు లేకపోయినను, బండిని చేయుటకు చేతులున్నవి గదా! ఆ తలంపునుండి ఈ చిన్న బండ్ల పందెము పుట్టెను. 1954 అక్టోబరులో బాయ్స్ లైఫ్ అను స్కౌటుల పత్రిక దీని నమూనాను ప్రచురించగా దేశమంతట వ్యాపించెను. సదరన్ బాప్టిస్టు సంఘములలోని రాయల్ అంబాసిడర్లు, అవానా మొదలైన క్రైస్తవ బాలసమాజములుకూడ ఇట్టి పందెములు జరుపుచు వచ్చినవి. 2018నుండి కబ్ స్కౌటులలో బాలికలును చేరుచున్నారు.

పందెము నియమములు సులభమైనవి. ప్రతి పిల్లవానికి ఒకే విధమైన పెట్టె ఇయ్యబడును. అందులో 7 అంగుళముల పైను కొయ్య దిమ్మె ఒకటి, ఇరుసులుగా నాలుగు మేకులు, నాలుగు ప్లాస్టిక్ చక్రములు ఉండును. పిల్లవాడు తనకిష్టమైన ఆకారము చెక్కుకొనవచ్చును. బండి బరువు మాత్రము 5 ఔన్సులు, అనగా సుమారు 141 గ్రాములు మించరాదు. ఈ పెట్టె తండ్రి చేతికి కాక బిడ్డ చేతికి ఇయ్యబడుచున్నది. తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్పవలెను. తండ్రిని బిడ్డను ఒక బల్లయొద్దకు చేర్చుటయే మర్ఫీ ఉద్దేశము.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను నా కుమారుని కుటుంబముతో ఆ దేశములో ఒక శీతకాలము గడిపితిని. నా మనుమనికి అప్పుడు 8 ఏండ్లు. వాని తండ్రికి ఉద్యోగములో తీరిక లేనందున ఆ కొయ్యదిమ్మె నా పాలబడెను. నేను సంతోషించితిని. నా తండ్రి వడ్రంగి. ఉలి, చిత్రిక, ఆకురాయి నాకు బాల్యమందలి ఆటవస్తువులు.

పిల్లవాడు కాగితముమీద ఒక బొమ్మ గీసికొనెను. వాడు గీసిన గీతవెంబడి నేను రంపముతో కోసి యిచ్చితిని. రంపము వాని చేతికి తగినది కాదు గనుక అందులో తప్పు లేదు. తరువాత వాడు నాలుగు సాయంకాలములు కూర్చుండి గరుకు కాగితముతో రుద్దెను. వ్రేళ్లు ఎర్రబడినను మానలేదు. నీలిరంగు పూసి, ప్రక్కన తెల్లగా 7 అంకె వేసెను. ఆ అంకె ఒరిగియుండెను. బండి ముక్కు ఒక ప్రక్కకు వంగియుండెను. బల్లమీద త్రోసినచో నాలుగు గజములు పోకముందే ఎడమకు తిరిగిపోయెడిది. వాడు మాత్రము దానిని తన దిండుప్రక్కన పెట్టుకొని నిద్రించెడివాడు.

పందెమునకు ముందటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రేపు అందరి యెదుట ఈ బండి ఓడిపోవును, పిల్లవాడు ఏడ్చును అని తలంచితిని. "కొంచెము సరిచేయుదును" అని మెల్లగా లేచి దానిని తెచ్చితిని.

సహోదరులారా, ఆ 'కొంచెము' అను మాట ఎంత దూరము పోవునో చూడుడి. మొదట ఇరుసులు మాత్రమే సరిచేయవలెననుకొంటిని. ఈ బండ్లన్నియు ఒకే యెత్తునుండి బయలుదేరును గనుక వేగములోని భేదము ముఖ్యముగా రాపిడివలన కలుగును. మేకుమీద గరుకుండినచో చక్రము దానిని రాచుకొని వేగము పోగొట్టుకొనును. కావున మేకులు నునుపుచేసి, పెన్సిలు ములికిలోనుండు గ్రాఫైటు పొడి వేసితిని. తరువాత వంకర ముక్కు కంటికి కష్టముగా నుండెను; దానిని చెక్కితిని. చెక్కినచోట రంగు పోయెను గనుక రంగంతయు గీకి మరల పూసితిని. అంకె చక్కగా వ్రాసితిని. బరువు వెనుకవైపున ఉన్నచో వాలుమీద మరికొంత యెత్తున నిలిచి, దిగునప్పుడు ఎక్కువ బలమిచ్చును గనుక బరువుముక్కలు వెనుక అమర్చితిని. వంటింటి త్రాసులో తూచితిని. సరిగా 5 ఔన్సులు. దొంగత్రాసు యెహోవాకు ఎంత అసహ్యమో సామెతల గ్రంథమునుండి నేను ఎన్ని పర్యాయములు బోధించితినో! ఆ రాత్రి త్రాసు న్యాయమైనదే. మోసము త్రాసులో లేదు.

మరునాడు బండి బాణమువలె పోయెను. తన యీడువారిలో పిల్లవానికి రెండవ బహుమానము వచ్చెను. దళనాయకుడు వాని భుజముపై చెయ్యి వేసి, "నీవే చేసితివా?" అని అడిగెను. వాడు ఉత్తరమియ్యక నా ముఖము చూచెను. నేను చిరునవ్వుతో తల ఊపితిని. అప్పుడు వాడు "అవును" అనెను.

ఆ రాత్రి ప్రార్థన ముగిసిన తరువాత వాడు నన్ను అడిగెను: "తాతయ్యా, నేను చేసిన కారు ఎక్కడుంది?"

"ఇదే గదా నాయనా" అంటిని.

"ఇది నీది తాతయ్యా. నాది ఏది?"

నాయొద్ద ఉత్తరము లేదు. వాడు చేసినది ముందటి రాత్రి పొట్టుగా రాలి చెత్తబుట్టలో పడెను. వానికి ఏడ్పు రాకూడదని వాని బండిని తీసివేసితిని. దానికి బదులుగా ఒక బహుమానమును, ఒక అబద్ధమును ఇచ్చితిని.

ప్రేమయే చేసిన మోసము

ఇట్టి పని దుర్మార్గులే చేయుదురనుకొనవద్దు. 1973వ సంవత్సరమున ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణములో జరిగిన సోప్ బాక్స్ డెర్బీలో 14 ఏండ్ల బాలుడొకడు ప్రథమ బహుమానము పొందెను. అతని బండి బయలుదేరునప్పుడే ముందుకు దూకినట్లుండుట అధికారులకు అనుమానము కలిగించెను. పరీక్షించి చూడగా బండి ముక్కులో విద్యుదయస్కాంతమొకటి దాచబడియుండెను. అతడు తల వెనుకకు ఆనించినప్పుడు అది పనిచేసి, బండ్లను ఆపియుంచి ముందుకు పడు ఇనుపపలకవెంట బండిని లాగెడిది. రెండు దినములలో బహుమానము తీసివేయబడెను. ఇందులో బాలునికి ఆలోచన చెప్పినవాడు అతని సంరక్షకుడైన మామయే. ఇతరులును నియమములు మీరుచుండగా తన యింటి బాలునికి అన్యాయము జరుగకూడదని తలంచితినని ఆయన చెప్పుకొనెను. ఆయనయు ప్రేమతోనే చేసెను. అయితే సిగ్గు ఆ బాలునిమీద పడెను.

ఇప్పుడు ఆదికాండము 27వ అధ్యాయము తెరచి చూడుడి. రిబ్కా తన చిన్న కుమారుని ప్రేమించినది. వానికి అన్న వస్త్రములు తొడిగినది, మేకపిల్లల చర్మములు చేతులకును మెడకును కప్పినది, రుచిగల భోజనము వండి చేతికిచ్చినది. యాకోబు భయపడగా ఆ శాపము తనమీదికే రానిమ్మని చెప్పినది. ఎంత ప్రేమ! అయితే గ్రుడ్డివాడైన తండ్రి యెదుట నిలిచి, నీవెవరవని అడుగబడినప్పుడు అబద్ధమాడవలసినవాడు యాకోబే. తల్లి అన్నియు తన చేతులతో చేయగలిగెను గాని ఆ మాటను మాత్రము కుమారుని నోటనే పలికింపవలసివచ్చెను. ఇస్సాకు తడిమి చూచి, గొంతు ఒకరిదిగాను చేతులు మరియొకరివిగాను ఉన్నవని కలవరపడెను. ఆ పందెపుటింటిలో నా మనుమని సంగతియు అంతే. "అవును" అన్న గొంతు వానిది. బండిని చేసిన చేతులు నావి.

రిబ్కా కొద్ది దినములకని కుమారుని పంపివేసెను. అతడు 20 సంవత్సరములు లాబాను ఇంట నుండెను. ఆమె అతని ముఖమును మరల చూచినట్లు లేఖనము చెప్పుటలేదు. మేకపిల్లల చర్మముతో తండ్రిని మోసగించినవాడు, వృద్ధాప్యమున మేక రక్తములో ముంచిన అంగీవలన తన కుమారులచేత మోసపోయెను. పిల్లలకు మనము ఏమి ఇచ్చితిమో వారు మరచిపోవచ్చును. దానిని ఏలాగు ఇచ్చితిమో మరువరు.

సౌలును చూడుడి. గొల్యాతుమీదికి వెళ్లుచున్న దావీదునకు తన స్వంత శిరస్త్రాణమును కవచమును ఇచ్చెను. అది దయతో చేసిన పనియే. కాని అలవాటులేని ఆ బరువుతో దావీదు నడువలేకపోయెను. వాటిని తీసివేసినప్పుడు సౌలు బలవంతపెట్టలేదు. దావీదు తన కఱ్ఱను, వడిసెలను, ఏటిలోని నున్నని అయిదు రాళ్లను తీసికొని వెళ్లెను. సౌలునందు అనేక లోపములున్నను ఆ దినమున అతడు నాకంటె బుద్ధిమంతుడు.

ఒక కఠినమైన ప్రశ్న

ఇక్కడ వాక్యము తెలిసిన విశ్వాసి ఒకడు నన్ను అడుగవచ్చును: "అయ్యా, మనము రక్షింపబడినది క్రియలవలన కాదు గదా? మనము చేయలేనిదానిని ప్రభువే మన బదులు చేసెను. మన వంకర నీతిని ప్రక్కనపెట్టి తన నీతివస్త్రమును తొడిగెను. తండ్రియైన దేవుడు ఆలాగు చేయగా, ఇహలోకపు తండ్రి తన బిడ్డ బండిని చేసియిచ్చుట తప్పెట్లగును?"

ఈ ప్రశ్న నన్ను అనేక దినములు పట్టియుంచెను. చివరకు నాకు దొరికిన ఉత్తరమిది. యాకోబు వేరొకని వస్త్రము కట్టుకొని తండ్రి సన్నిధికి వెళ్లెను. మనమును వేరొకని వస్త్రము కట్టుకొనియే పరలోకపు తండ్రి సన్నిధికి వెళ్లుదుము. అయితే యాకోబు చూడలేని తండ్రియొద్దకు వెళ్లి, 'ఇవి నావే' అని చెప్పెను. మనము సమస్తమును చూచు తండ్రియొద్దకు వెళ్లి, 'ఇది నాది కాదు, నీ కుమారునిది' అని ఒప్పుకొందుము. కృపకును మోసమునకును భేదము ఇదియే. కృప ఇచ్చినవాని పేరు దాచదు, పుచ్చుకొనినవానిచేత అబద్ధమాడింపదు. నీకున్నవాటిలో నీవు పొందనిది ఏమున్నదని పౌలు కొరింథీయులను అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు సిగ్గుపడక ఉత్తరమియ్యగలవాడే కృపను ఎరిగినవాడు.

అంతేకాదు. దేవుడు మనకు సమస్తమును ఉచితముగా ఇచ్చియు మన చేతులలోని పనిని లాగికొనడు. ఎఫ్రాయిముకు నడక నేర్పితినని హోషేయ ప్రవక్తద్వారా చెప్పిన దేవుడు, చెయ్యి పట్టుకొని నడిపించెను గాని వాని బదులు తానే నడువలేదు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో భయముతోను వణకుతోను మీ రక్షణను కొనసాగించుకొనుడని చెప్పి, వెంటనే మీలో పనిచేయువాడు దేవుడే అని పౌలు చెప్పుచున్నాడు. ఈ రెండును ఎట్లు పొసగునో ఆ చిన్న బండి నాకు చూపెను. దానిలో స్వంత బలమేమియు లేదు. అది పొందిన బలమంతయు దానిని పైకెత్తి ఉంచిన చేతినుండియు, భూమి లాగుటనుండియు వచ్చినదే. అయినను ఇరుసు నునుపుచేయుట, చక్రము తిన్నగా పెట్టుట పిల్లవాని పని. వాలు ఉచితముగా ఇయ్యబడినది. రాపిడి తీసివేయుట మాత్రము నేర్చుకొనవలెను.

మన యిండ్లలో

ఇది అమెరికా దేశపు ఆట, మనకేమి అని తలంచవద్దు. బడిలో ఇచ్చిన చార్టును రాత్రి తల్లి గీయుచుండగా బిడ్డ నిద్రించుట మనము చూడలేదా? సండే స్కూలులో కంఠతా వాక్యముల పోటీ జరుగునప్పుడు ముందువరుసనుండి పెదవులు కదిపి అందించు తండ్రులు మన సంఘములలో లేరా? ఆ వాక్యము సత్యమును గూర్చినదైనను, అందించుట మోసమే.

అట్లని పిల్లలను ఒంటరిగా విడిచిపెట్టుమని నా భావము కాదు. రంపము పట్టలేని చేతికి రంపముపని చేసిపెట్టుట ప్రేమ. ఉలి పట్టుట నేర్పుట అంతకంటె గొప్ప ప్రేమ. హద్దు ఎక్కడనో తెలిసికొనుటకు నేను ఒక ప్రశ్న పెట్టుకొంటిని: నేను చేసిన సహాయమును ఈ బిడ్డ అందరి యెదుట సిగ్గులేకుండ చెప్పగలడా? "తాతయ్య కోసెను, నేను రుద్దితిని" అని వాడు చెప్పగలిగినంతవరకు అది సహాయము. వాడు నా ముఖము చూచి ఏమి చెప్పవలెనో తెలిసికొనవలసివచ్చిన క్షణమున అది దొంగతనమైనది. వాని బండిని మాత్రమే కాదు, వాని సత్యమునుకూడ దొంగిలించితిని.

నియమప్రకారము పోరాడినవానికే కిరీటము దొరుకునని పౌలు తిమోతికి వ్రాసెను. ఓటమికి భయపడి మనము బిడ్డను నియమమునుండి తప్పించినచో, వానికి నిజమైన కిరీటము పొందు అవకాశమును తీసివేసినవారమగుదుము. ఓడిపోయిన పిల్లవాడు ఒక సాయంకాలము ఏడ్చును. తాను చేయనిదానికి మెప్పు పొందిన పిల్లవాడు, నాకు స్వంతముగా ఏమియు చేతకాదు గనుకనే పెద్దలు చేసిరి అని చాలకాలము తలంచును.

మరునాడు నేను మనుమని చెయ్యి పట్టుకొని దళనాయకుని ఇంటికి వెళ్లితిని. నా వయస్సులో అది సులభమైన నడక కాదు. జరిగినదంతయు చెప్పి, "పిల్లవాడు అబద్ధమాడలేదు, నేను ఆడించితిని" అంటిని. పిల్లవాడు తానే బహుమానమును బల్లమీద ఉంచెను. అది మూడవవాడుగా వచ్చిన బాలునికి ఇయ్యబడెను. ఆయన మమ్మును గద్దింపలేదు. అనేక దళములలో పెద్దలకు వేరుగా ఒక పందెము పెట్టుదురనియు, చేతులు ఊరకుండలేని తండ్రులు తాతలు అందులో చేరవచ్చుననియు చెప్పి నవ్వెను. పిల్లవాడును నవ్వెను. రెండు దినములకు వాని ముఖమున నేను చూచిన మొదటి నవ్వు అది.

ఆ వారమే మరియొక కొయ్యదిమ్మె కొంటిమి. పందెము అయిపోయినది గనుక ఇక దానికి బహుమానమేమియు లేదు. వాడు మరల గీసెను, నేను కోసితిని, వాడు రుద్దెను. నేను చేతులు ఒడిలో పెట్టుకొని చూచుచు కూర్చుంటిని. నా జీవితములో చేసిన వడ్రంగిపనులన్నిటిలో అంత కష్టమైనది లేదు. మేకు వంకరగా దిగుచున్నప్పుడు నా వ్రేళ్లు నా మోకాలిని పట్టుకొనెను. "తిన్నగా ఉన్నదా తాతయ్యా?" అని వాడు అడిగెను. "లేదు నాయనా" అని నిజము చెప్పితిని. వాడు ఊడదీసి మరల కొట్టెను. అది రెండవసారియు పూర్తిగా తిన్నగా రాలేదు.

నేను స్వదేశమునకు బయలుదేరిన దినమున వాడు ఆ బండిని నా చేతిలో పెట్టెను. ఇప్పుడు నేను ఇది వ్రాయుచున్న బల్లమీద అది ఉన్నది. త్రోసినచో ఇంకను ఎడమకే పోవుచున్నది. చూచినవారు "ఇది ఎవరు చేసిన బండి?" అని అడుగుదురు. నా మనుమడు చేసినాడని చెప్పుదును.

ప్రార్థన

మా చేతులను ఎరిగిన తండ్రీ, మా బిడ్డలకు మేలు చేయుదుమని చెప్పి వారి నోట మేము ఉంచిన అబద్ధములను క్షమించుము. వారు ఓడిపోవునప్పుడు ప్రక్కన కూర్చుండు ఓర్పును, వారు నేర్చుకొనునప్పుడు చేతులు ఊరక ఉంచుకొను ప్రేమను మాకు దయచేయుము. మా నీతి మాది కాదనియు నీ కుమారునిదనియు సంతోషముతో ఒప్పుకొనుచు, నీవు మా చేతులకిచ్చిన పనిని నమ్మకముగా చేయునట్లు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.